బుగ్గపల్లెకు తోలుకొచ్చిన నీళ్ళు

సోమందేపల్లె కొండ,
14 జూన్ 2004

మల్లక్కకు,

చౌడి రాస్తున్నది. చేరాను. పాదాలు తప్ప మిగతాదంతా బాగుంది.

చీటీలో రాసినట్టే యేసన్న గారి వెంట నీళ్ళకాపరుల బడికి వచ్చాను. నాయన గొర్రెలు తోలుకుని పోయిన పూట చూసి బయల్దేరడం తప్పే. ఎదురుగా చెబితే వద్దంటాడు. వద్దంటే నేను ఆగిపోతాను. ఆగిపోతే మన బుగ్గపల్లెకు నీళ్ళు రావు. అందుకని చెప్పలేదు.

కదిరి దాకా బస్సులో వచ్చాను. నాలుగు ఎద్దులు కట్టారు. రేడియేటరు ఎండి ఆరేళ్ళయినా కండక్టరు టికెట్టు మాత్రం చింపి ఇస్తున్నాడు. అక్కడినుంచి నడక. సోమందేపల్లె దగ్గర హైవే చూశాను. లారీలు ఆగిన చోటే వేళ్ళు పట్టాయి. టైర్లలోనుంచి వేళ్ళు దిగి నీళ్ళు వెతుక్కుంటున్నాయి. ఒక సిమెంటు లారీకి చిగురు కూడా వచ్చింది. మేకలు దాన్ని వాసన చూసి వదిలేస్తున్నాయి. మన ఊరి బోరింగు కూడా కనబడింది. నీళ్ళ వెనకాలే ఊరు విడిచి పోయిందే, అదే. పిడికి నాయన కట్టిన ఎర్రగుడ్డ ఇంకా ఉంది. పలకరించాను. ఒంటికాలి మీద గెంతుకుంటూ వెళ్ళిపోయింది.

యేసన్న గారికి రెండు చెవులూ వినబడవు. అన్నీ పలక మీద రాసి చెబుతారు. మొదటి పాఠం అందరికీ తెలిసిందే: తొంభై ఎనిమిది మే నెలలో ఒక తెల్లవారుజామున బావులు, చెరువులు, కుండలు వదిలి నీళ్ళన్నీ భూమిలోకి లేచిపోయాయి. ఎవరితో లేచిపోయాయో ఇప్పటికీ తెలియదు. అప్పటినుంచి నేల కింద మందలు మందలుగా తిరుగుతున్నాయి. చెవి ఉన్నవాళ్ళు మంద ఎక్కడుందో విని, పైకి పిలిచి, ఊరికి తోలుకుపోయి బావిలో దించాలి. ఇంతే పని. ఇంతే అని ఆయనే రాసి, ఆయనే చెరిపేశారు.

నాయనకు కోపం తగ్గాక నా మాట చెప్పు.

చౌడేశ్వరి


బుగ్గపల్లె,
2 ఆగస్టు 2004

చౌడేశ్వరికి,

నీ ఉత్తరం నలభై తొమ్మిది రోజులకు వచ్చింది. దారిలో జ్వరం తగిలిందట, పోస్టుమాన్ కుళ్లాయప్పకు.

నువ్వు చీటీ ఎక్కడ పెట్టావు? గొర్రెల దొడ్డి తడికెకు గుచ్చావా? నువ్వు గొర్రెలు కాసిన ఇంట్లో పుట్టిన దానివే కదా. తినేశాయి. ఆ పొద్దున్నే మన వీధి తిప్పేష్ కూడా ఊళ్ళో కనబడలేదు. ఎదురింటి హనుమక్క వచ్చి, "ఇద్దరూ ఒగే దినం పోతే దానికి వేరే పేరేముంటాది" అంది. పొద్దు వాలేసరికి ఊరంతా కలిసి నిన్ను తిప్పేష్‌తో లేచిపోయేలా చేసింది.

నాయన కేకలు వేయలేదు. "నీళ్ళు పోయినాయి, ఇది పోయినాది" అన్నాడు, అంతే. ఆ రోజునుంచి నీ పేరు ఎత్తడం లేదు. నిన్ను పిలవాల్సిన చోట నన్ను పిలుస్తున్నాడు, నన్ను పిలవాల్సిన చోట కుక్కను పిలుస్తున్నాడు. నీ ఉత్తరం చదివి వినిపించాను. చివరిదాకా విని, కాగితం చేతికి తీసుకుని చూశాడు. నీ రాత ఇంత బాగుండదట. తిప్పేష్ రాసి ఉంటాడట.

నిజం చెప్పు. తిప్పేష్ అక్కడున్నాడా? ఉంటే ఉన్నాడని రాయి. నాకేం పోయేది లేదు.

ఇంకో సంగతి. తొంభై ఎనిమిదిలో పోయి మన బావికి తిరిగొచ్చిన మంద కూడా మొన్న మార్చిలో వెళ్ళిపోయింది కదా. కదిరి ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. సొంత నీళ్ళు లేకుండా ఏడాది గడిచిన పల్లెల పేర్లను వచ్చే మార్చి ముప్పై ఒకటో తేదీన కొట్టివేస్తారట, జనాన్ని కదిరి శిబిరానికి పంపుతారట. హైదరాబాదు నుంచి ఆరేళ్ళుగా ఒక్క జవాబూ లేదు. అయినా నోటీసు కింద 'పై అధికారుల ఆమోదంతో' అని ఉంది. నాయన తాను రానన్నాడు. కదిరిలో గొర్రెలు బతుకుతాయి గానీ తాను బతకడట.

కదిరి నీళ్ళ బండి ఇంటికి రెండు కుండలు పోస్తోంది. నువ్వు లేవు కాబట్టి మాకు సరిపోతోంది.

మల్లీశ్వరి


సోమందేపల్లె కొండ,
5 సెప్టెంబర్ 2004

అక్కా,

తిప్పేష్ ఇక్కడ లేడు. చౌడమ్మ మీద ఒట్టు. ఆ మనిషి ఎక్కడున్నాడో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. నా రాత బాగుపడటానికి కారణం, ఇక్కడ ఉప్పు కావాలన్నా పలక మీద రాసి అడగాలి.

రెండు నెలలు బండ మీద కదలకుండా కూర్చోవడమే చదువు. కేకలు వేయకూడదు, ఈల వేయకూడదు. నీళ్ళు బెదురుతాయి. పోయిన వారం నా దగ్గరికి మొదటిసారి వచ్చింది. పిల్లనీరు, గొర్రెపిల్ల అంత ఉంటుంది. బండ చీలికలోనుంచి పైకి వచ్చి, నా మడమ చుట్టూ రెండుసార్లు తిరిగి, పాదం మీద కూర్చుంది. ఎంత చల్లగా ఉందో. ఏడుపొచ్చింది గానీ ఆపుకున్నాను. నీళ్ళ ముందు ఏడవకూడదు, కంట్లోవి కూడా మందలో కలిసి పోతాయి.

ఎడమ చెవికి బడి గంట వినబడటం తగ్గింది. నీళ్ళ మాట చెవికెక్కే కొద్దీ మనుషుల మాటకు చోటు తగ్గుతుందని యేసన్న గారు రాశారు. ఇక్కడ చాలామందికి అలాగే ఉంది. దాని గురించి నాయనకు చెప్పకు.

మార్చి నాటికి నేర్చుకుంటాను.

చౌడి


బుగ్గపల్లె,
20 అక్టోబర్ 2004

చౌడికి,

చెవికి వెల్లుల్లి వేసి కాచిన నూనె రెండు చుక్కలు వేసుకో. కొండ గాలికి అలాగే అవుతుంది. తలకు పోసుకోవద్దు. ఆరేళ్ళుగా ఎవరూ పోసుకోలేదనుకో, అయినా చెబుతున్నాను.

తిప్పేష్ వచ్చాడు. కదిరిలో బస్సు ఎద్దులకు లాడాలు కొట్టడం నేర్చుకోవడానికి పోయాడట. ఎవరికీ చెప్పకుండా ఎందుకు పోయావంటే, చెబితే నవ్వుతారని అన్నాడు. ఇక సంగతి తేలిపోయిందనుకున్నాను. నాయన వాణ్ణి దొడ్డి దగ్గర నిలబెట్టి, "పిల్లను యాడ వదిలేసినావప్పా?" అని అడిగాడు. వాడు బిత్తరపోయి, "ఏ పిల్లను మామా?" అన్నాడు. నాయన మా అందరివైపు తిరిగి, "చూసినారా, అప్పుడే మర్చిపోయినాడు" అన్నాడు.

ఇప్పుడు ఊళ్ళో మాట ఏమిటంటే, తిప్పేష్ నిన్ను తీసుకుపోయి కదిరిలో వదిలేశాడు. వాడి అమ్మ కూడా నమ్ముతోంది. తిప్పేష్ రోజూ వచ్చి నా దగ్గర మొర పెట్టుకుంటున్నాడు. తిప్పేష్ అంత చెడ్డవాడేమీ కాదు.

సామాన్లు కట్టడం మొదలుపెట్టారు. హనుమక్క గుమ్మాలు కూడా ఊడదీసింది, కదిరిలో గుమ్మాలు ఉండవేమోనని. నువ్వు మార్చి దాటాక వస్తే ఎవరూ మిగలరు.

మల్లి


సోమందేపల్లె కొండ,
11 డిసెంబర్ 2004

అక్కా,

నూనె వేసుకున్నాను. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడిది బాగుంది.

మన మంద దొరికింది. పెనుకొండ వైపు గుట్టల కింద వేరే మందలతో కలవకుండా ఒంటరిగా తిరుగుతోంది. మనదేనని ఎలా తెలిసిందంటావేమో. నీళ్ళు విన్నది మరిచిపోవు. నేలకు చెవి పెడితే మన బావి గిలక కిర్రుమంది. నువ్వు కుండ పగలగొట్టి 'నేను కాదు' అన్న మాట అలాగే ఉంది. అమ్మ బతికున్నప్పటి గొంతు కూడా ఉంది. పెద్ద మాటేమీ కాదు, "తాడు గట్టిగా పట్టుకోమ్మా" అంటోంది. నీతోనా, నాతోనా తెలియలేదు. మూడు రోజులు అక్కడే కూర్చుని అదే విన్నాను.

యేసన్న గారు ఏప్రిల్ దాకా ఆగమంటున్నారు. మార్చి అయ్యాకే ఏప్రిల్ వస్తుందని ఆయన పలక మీద రాశాను. ఆయన చదివి పలక తిప్పేశారు. ఫిబ్రవరిలో బయల్దేరతాను.

నీ ఉత్తరాల్లో నా పేరు కంటే తిప్పేష్ పేరే ఎక్కువసార్లు ఉంది. నాకేం పోయేది లేదు, ఊరికే రాస్తున్నాను.

చౌడి


బుగ్గపల్లె,
9 జనవరి 2005

చౌడికి,

చివరి మాటకు జవాబు రాయను.

అమ్మ గొంతు సంగతి నాయనకు చదివి వినిపించాను. లేచి గొర్రెల దగ్గరికి పోయాడు. మేత వేసి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఎవరితోనైనా పోనీ, ఎక్కడైనా తిరగనీ, తనకు పట్టింపు లేదన్నాడు. "వచ్చినప్పుడు నేను పిలిస్తే పలికితే చాలు" అన్నాడు. ఇంతకంటే మెత్తగా ఆయన మాట్లాడటం నేను వినలేదు. కాబట్టి పలుకు. పంతానికి పోవద్దు.

మర్నాటినుంచి బావిలో పూడిక తీస్తున్నాడు. తిప్పేష్ మట్టి గంపలు మోస్తున్నాడు. ఇద్దరూ మాట్లాడుకోరు. నాయన ఏదైనా కావాలంటే బావి గోడతో చెబుతాడు, తిప్పేష్ అందిస్తాడు.

మల్లి


సోమందేపల్లె కొండ,
2 ఫిబ్రవరి 2005

అక్కా,

రేపు బయల్దేరుతున్నాను. గోరంట్ల, కదిరి మీదుగా వస్తాను. మేపుకుంటూ రావాలి కాబట్టి నెల దాటవచ్చు. ఊళ్ళో చెప్పాల్సినవి రాసుకో. మంద వచ్చేటప్పుడు జనం వంద అడుగుల దూరంలో ఉండాలి. అది బావిలోకి పూర్తిగా దిగేదాకా గట్టిగా మాట్లాడకూడదు. దిగాక నేను నిలబడకూడదు. అలవాటుపడిన కాపరి అక్కడే ఉంటే, తిరిగి వెళ్ళేటప్పుడు నీళ్ళు కూడా వెంట వచ్చేస్తాయి. అందుకని ఇంట్లోకి రాను. నాయనకు ముందే చెప్పి ఉంచు.

నాయన పిలిస్తే పలుకుతాను. పలకాలనే ఉంది.

చౌడి


బుగ్గపల్లె,
12 మార్చి 2005

చౌడేశ్వరికి,

నీళ్ళు బాగున్నాయి. ముందు అది రాయాలి కాబట్టి రాశాను.

నువ్వొచ్చిన పొద్దున కదిరి దారిలో దుమ్ము లేవకపోవడం చూసి హనుమక్క అందరినీ లేపింది. ఎవరు వస్తున్నా ముందు దుమ్ము వస్తుంది, నీ ముందు చల్లగాలి వచ్చింది. తర్వాత నువ్వు కర్ర పట్టుకుని కనబడ్డావు. సన్నబడ్డావు. నీ వెనకాల దారంత వెడల్పున, మోకాలెత్తున నీళ్ళు. తోవలో ప్రతి రాయినీ తాకి చూసుకుంటూ వచ్చాయి. మన గొర్రెలు పక్కకు జరిగి దారి ఇచ్చాయి. ఊరంతా నోరు మూసుకుని నిలబడింది. హనుమక్క నోరు మూసుకోవడం కూడా అప్పుడే చూశాను.

నేను నీ వంద అడుగుల మాట వినలేదు. నీ పక్కకు వచ్చి, మెల్లగా, "ఆకలేస్తాందా?" అన్నాను. నవ్వావు. "రోంతసేపన్నా ఆగుతావా?" అన్నాను. దానికీ నవ్వావు. "నాయన మీద కోపముండాదా?" అంటే అదే నవ్వు. సరే, నీళ్ళు బెదురుతాయని మాట్లాడటం లేదనుకున్నాను.

మంద బావి గట్టు దగ్గర ఆగింది. గట్టు చుట్టూ ఒకసారి తిరిగింది. ఆ తర్వాత మెట్టు మెట్టూ దిగడం మొదలుపెట్టింది. పొద్దు నెత్తికెక్కేదాకా దిగుతూనే ఉంది. చివరి మడుగు కూడా దిగాక నువ్వు కర్ర భుజాన వేసుకుని ముదిగుబ్బ దారి పట్టావు. నాయన అంతవరకూ గోడ చాటున ఉన్నాడు. నువ్వు చెప్పినట్టే ఆగాడు, చూశావా? అప్పుడు గట్టు మీదికి వచ్చి నిన్ను పిలిచాడు. తొమ్మిది నెలల తర్వాత నీ పేరు.

"చౌడీ."

నువ్వు నడుస్తున్నావు. ఇంకోసారి పిలిచాడు. మూడోసారి పిలిచి, ఇంకేదో మాట కూడా అన్నాడు. బావిలో నీళ్ళ చప్పుడుకు నాకది వినబడలేదు. నువ్వు తల కూడా తిప్పలేదు. నిలబడకూడదని రాశావు గానీ, తిరిగి చూడకూడదని రాయలేదు. ఊరంతా చూసింది.

నాయన, "పలకల్యా. సరే" అన్నాడు. గొర్రెలు తోలుకుని వెళ్ళిపోయాడు. ఏమన్నావని ఎన్నిసార్లు అడిగినా చెప్పడం లేదు. పూడిక తీసి తీసి చేతులు పగిలాయి. నీ కోసమే తీశాడు.

ఊరు నిలబెట్టావు, దానికి దండం పెడతాను. కానీ అంత కోపం ఉన్నదానివి రాకుండా ఉండాల్సింది.

మల్లీశ్వరి


సోమందేపల్లె కొండ,
1 ఏప్రిల్ 2005

అక్కా,

కోపం లేదు. వినబడలేదు.

ఇంత పెద్ద మందను ఇద్దరు తోలాలి. ఒక్కరే తోలితే రెండో చెవి కూడా పోతుందని యేసన్న గారు డిసెంబర్లోనే రాశారు. రెండో కాపరి ఏప్రిల్‌కు గానీ ఖాళీ కాడు. అప్పటిదాకా ఆగితే చెవి మిగిలేది, ఊరు మిగిలేది కాదు. నేను నీకు సగమే రాశాను. మొత్తం రాస్తే రావద్దంటావు.

గోరంట్ల దాకా వినబడింది. తర్వాత మొదట పిట్టలు పోయాయి. తర్వాత కర్ర చప్పుడు. కదిరి చేరేసరికి నా గొంతు కూడా నాకు వినబడటం ఆగిపోయింది. నాయన పిలుపు దాకా ఉంటుందనుకున్నాను. నా లెక్క ఇరవై మైళ్ళు తప్పింది.

నువ్వు నా పక్కకు వచ్చినప్పుడు నీ పెదాలు కదులుతున్నాయి. ఏమంటున్నావో తెలియలేదు. చెవిటిదాన్నయ్యానని ఊళ్ళో అందరి ముందు తెలిస్తే నాయన తట్టుకోలేడని, నవ్వితే అన్నిటికీ సరిపోతుందని నవ్వాను. అన్నిటికీ సరిపోలేదని ఇప్పుడు తెలిసింది. వెనక్కి తిరిగి చూడకపోవడం మాత్రం రూలు కాదు. చూస్తే ఉండిపోతానని.

నాయన ఏమన్నాడో అడిగి రాయి. బావిలో నీళ్ళు విని ఉంటాయి, కానీ నేను ఆ దరికి రాకూడదు. తిట్టి ఉంటే తిట్టినట్టే రాయి. మార్చొద్దు.

చౌడి


బుగ్గపల్లె,
24 ఏప్రిల్ 2005

నా చౌడికి,

నువ్వు చెవి పోయిందని రాస్తే నేను నూనె వేసుకోమని రాశాను. అది తలుచుకుంటూ రెండు రోజులు నీ ఉత్తరం కొంగున దాచుకుని తిరిగాను. మూడో రోజు నాయన దగ్గర కూర్చుని నీ ఉత్తరం మొత్తం చదివాను. చదివేటప్పుడు ఆయన తాడు పేనుతున్నాడు. సగంలో చేయి ఆగింది. మళ్ళీ మొదటినుంచి చదవమన్నాడు. చదివాను.

ఊరు ఉంది. ముప్పై ఒకటో తేదీన పేరు కొట్టేయడానికి వచ్చినాయన రెండు చెంబుల నీళ్ళు తాగి, పెన్ను జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. హనుమక్క గుమ్మాలు మళ్ళీ బిగిస్తోంది, ఒకటి తలకిందులుగా పెట్టింది. తిప్పేష్ మూడు రోజుల కిందట నాయనను ఒక మాట అడిగాడు. నాయన బావి గోడతో సరేనన్నాడు. నిన్ను వదిలేసినవాణ్ణి నేను చేసుకుంటున్నానని ఊళ్ళో అనుకుంటున్నారు. అనుకోనీ.

ఇక నువ్వు అడిగింది. నాయన, "రాయి" అన్నాడు. ఆయన చెప్పినట్టే రాస్తున్నాను, మార్చలేదు.

"చౌడీ, నేను అన్నది పెద్ద మాటేం కాదు. పొయ్యి మీద సంగటి కెలికి పెట్టినాం. తినేసి పో అంటి. అంతే."

ఇది రాయించి ఆయన లోపలికి పోయాడు. నేను ఇంకో కాగితం వెతుక్కుంటుంటే, సంగటి ముద్దలు తుండుగుడ్డలో మూట కట్టుకుని, చెప్పులేసుకుని వచ్చాడు. సోమందేపల్లెకు తోవ అడిగాడు. నాలుగు రోజుల నడక, సంగటి పాచిపోతుందని చెప్పాను. వినలేదు. ఇంట్లో వినని వాళ్ళు ఇప్పుడు ఇద్దరు.

గొర్రెలు తిప్పేష్ చూసుకుంటాడు. కుళ్లాయప్ప నడక నీకు తెలుసు కదా, ఈ ఉత్తరం కంటే నాయనే ముందు చేరవచ్చు. వాకిలి దాటేటప్పుడు ఆపి, వెనకనుంచి పిలిస్తే లాభం లేదు, ఎదురుగా పోయి నిలబడమని చెప్పాను. దానికి మాత్రం తల ఊపాడు.

మల్లక్క